నీటిలో లేని దీపము

సూర్యుడు క్రుంకగానే గోదావరి గట్టున గుంపు పలుచబడును. అంతవరకు పడమటి దిక్కునకు చూచుచు నిలిచినవారు, ఎఱ్ఱని బింబము ఆవలి యొడ్డు చెట్ల వెనుకకు జారుటతోడనే, ఇంక చూచుట కేమున్నదన్నట్లు ఇండ్లకు మరలుదురు. చేత కెమెరా గలవారు దానిని సంచిలో పెట్టుకొందురు. నేనును అనేక సంవత్సరములు అట్లే చేసితిని. ఉద్యోగ విరమణానంతరము తొందర లేని సాయంకాలములు లభించినప్పుడు గాని, అసలు వేడుక ఆ తరువాతనే మొదలగునని నాకు తెలియలేదు. సూర్యాస్తమయమైన పిదప నీటిపై కనబడు ప్రతిబింబములను ఫొటో తీయు విధమును ఈ పాఠమున చెప్పెదను. దానితోపాటు, ఉపాధ్యాయుడనై యుండి నేను చేసిన యొక తప్పును గూడ చెప్పవలసియున్నది.

రాజమహేంద్రవరము గోదావరికి తూర్పు గట్టున నున్నది. కావున ఇచ్చటి రేవులలో ఏ మెట్టుపై కూర్చున్నను మన ముఖము పడమటి వైపునకే యుండును. ఎదుట విశాలమైన నది. దాని కావల కొవ్వూరు. ఆ పైన సాయంకాలపు టాకాశము. నదిపై నాలుగు పెద్ద వంతెనలు కలవు. వానిలో మొదటిదైన హేవలాక్ వంతెన 1900లో తెరవబడి, 1997 వరకు రైళ్లను మోసి, నేడు విశ్రాంతి గైకొన్నది. పైన రోడ్డు, క్రింద రైలుబాట గల రెండవ వంతెన 1974లో వాడుకకు వచ్చినది. 1990 దశకమున కట్టిన మూడవ వంతెనకు కాంక్రీటు విండ్లు 28 వరుసగా నున్నవి. సాయంకాలమున ఆ విండ్ల నీడలు నీటిలో పడినప్పుడు చూడవలెనే గాని చెప్పనలవి కాదు.

ఇంత పెద్ద నదిలో నీరు అద్దమువలె నిలకడగా నుండుట యెట్లు సాధ్యమని మీకు సందేహము కలుగవచ్చును. ఊరికి దిగువన కొద్ది కిలోమీటర్ల దూరముననే ధవళేశ్వరమున్నది. అచ్చట 1847లో ఆర్థర్ కాటన్ దొర ఆనకట్ట పని నారంభింపగా అది 1852 నాటికి ముగిసెను. తరువాత దాని స్థానమున బ్యారేజి వచ్చినది. అది నీటి నాపియుంచుటచే వరదలేని దినములలో మా ఊరివద్ద గోదావరి నదివలె గాక చెరువువలె నుండును. శ్రావణ భాద్రపదములలో ఎఱ్ఱనీరు సుడులు తిరుగుచు వచ్చునప్పుడు మాత్రము ప్రతిబింబముల ఆశ విడువవలసినదే. కార్తీకము వచ్చునప్పటికి నీరు తేరును. అదియుగాక, పగలెల్ల వీచిన గాలి సూర్యాస్తమయమునకు తరచుగా తగ్గిపోవును. నీటికి నునుపు కలుగునది అప్పుడే.

ఇక వెలుతురు మాట. సూర్యుడు మన కంటికి మరుగైనను, మన నెత్తిపై ఎంతో ఎత్తున నున్న గాలిపొరల కతడు ఇంకను కనబడుచునే యుండును. ఆ పొరలు తమపై బడిన కాంతిని నలుదెసలకు వెదజల్లును. సంధ్యాకాంతి యనగా నిదియే. సూర్యుడు క్షితిజమునకు 6 డిగ్రీలు దిగువకు చేరువరకు గల కాలమునకు పౌరసంధ్య యని పేరు. ఆకాశము నిర్మలముగా నున్నచో ఆ కాలమున దీపము లేకయే ఆరుబయట పనులు చేసికొనవచ్చును. మా ఊరిలో ఇది 22 మొదలు 24 నిమిషములకు మించదు. లండను నగరమున జూన్ నెలలో ఇదియే ముప్పాతిక గంట యుండును. అక్కడ సూర్యుడు ఏటవాలుగా దిగును. మన దేశమున దాదాపు నిట్టనిలువుగా మునుగును. భేదమునకు కారణ మింతియే.

ఈ స్వల్పకాలములో వెలుతురు తగ్గు వేగము ఆశ్చర్యకరమైనది. వెలుతురును కొలుచు ప్రమాణమునకు లక్సు అని పేరు. నిర్మలాకాశమున సూర్యాస్తమయ సమయమున నేలపై బడు వెలుతురు సుమారు 400 లక్సులు. పౌరసంధ్య ముగియునప్పటికి మిగులునది మూడు నాలుగు లక్సులు మాత్రమే. అనగా మూడు నాలుగు నిమిషముల కొకసారి వెలుతురు సగమగుచుండును. మన కన్ను చీకటికి తన్ను తాను సరిచేసికొనును గనుక ఈ క్షీణత మనకు తెలియదు. కెమెరాకు తెలియును. "ఇప్పుడే గదా తీసితిని, అదే కొలతతో ఇంకొకటి తీసెదను" అనుకొన్న వాని రెండవ చిత్రము నల్లబడుట కిదియే హేతువు.

రంగుల సంగతి చెప్పెదను. మొదట పడమట బంగారు వన్నె, తరువాత నారింజ వన్నె. కొవ్వూరు గోష్పాద రేవున నిలిచి తూర్పునకు చూచినచో మరియొక వింత కనబడును. అక్కడ నీటిపైన బూడిదరంగు కలిసిన నీలపు పట్టీ యొకటి మెల్లగా పైకి లేచును. దాని యంచున లేత గులాబి రంగు. ఆ నీలపు పట్టీ మబ్బు కాదు, పొగ కాదు. ఆకాశముపై బడిన భూమియొక్క నీడ. గ్రహణసమయమున చంద్రునిపై బడు ఆ నీడనే మనము ప్రతి సాయంకాలమును తూర్పున చూడవచ్చును. చూచువారు తక్కువ.

అటుపిమ్మట ఆకాశమంతయు గాఢమైన నీలవర్ణము దాల్చును. పగటి నీలమునకును ఈ నీలమునకును కారణ మొకటే యని చాలకాలము తలచిరి. అది సరికాదని 1953లో హల్‌బర్ట్ అను అమెరికా భౌతిక శాస్త్రజ్ఞుడు లెక్కకట్టి చూపెను. సూర్యుడు క్షితిజమునకు దిగువ నున్నప్పుడు వాని కిరణములు ఓజోను పొరగుండ మిక్కిలి ఏటవాలుగా, దీర్ఘమైన త్రోవలో ప్రయాణింపవలెను. ఓజోను ఆ కిరణములలోని నారింజ, పసుపు వన్నెలను కొంత మ్రింగివేయును, నీలము మిగులును. అతినీలలోహిత కిరణములనుండి మనలను కాపాడు ఓజోనే మన సాయంకాలమునకు రంగును కూడ వేయుచున్నదన్నమాట.

ఈ నీలము కమ్ముకొను వేళకు గట్టుమీద దీపములు వెలుగును. అప్పు డొక ఐదారు నిమిషములపాటు ఆకాశపు వెలుతురును, దీపముల వెలుతురును తక్కెడలో తూచినట్లు సరిసమానముగా నుండును. ఫొటో తీయుటకు అదియే సమయము. అంతకు ముందు తీసినచో దీపములు వెలవెలబోవును. ఆ తరువాత తీసినచో ఆకాశము నల్లబడి, దీపములు తెల్లని మచ్చలై మిగులును. రాత్రి చిత్రము తీయవలెనన్న రాత్రి కాకముందే తీయవలెను.

నా పుస్తకమున వ్రాసికొన్న కొలతలు కొన్ని ఇచ్చట చెప్పెదను. ఇవి కార్తీకమాసమున, మబ్బులేని రోజున, పడమటి ఆకాశమునకు అభిముఖముగా తీసిన చిత్రములవి. ఐ.యస్.ఓ. 100, అపర్చరు ఎఫ్ 8. సూర్యాస్తమయమైన 10 నిమిషములకు షట్టరు అర సెకను తెరచియుంచితిని. 15 నిమిషములకు ఒకటిన్నర సెకను. 20 నిమిషములకు 4 సెకనులు. 25 నిమిషములకు 12 సెకనులు. వీనిని మీరు కంఠస్థము చేయ నక్కరలేదు. మబ్బు పట్టినచో ఇవన్నియు మారిపోవును. పెరుగుదల యే తీరున నున్నదో గమనించిన చాలును.

నాలుగు సెకనులు కెమెరాను కదలకుండ పట్టుకొనగల చేయి ఎవరికిని లేదు. కావున మూడుకాళ్ల స్టాండు కావలెను. స్టాండున్నను, వ్రేలితో మీట నొక్కినప్పుడు కెమెరా అదరును. ప్రతి కెమెరాలోను, ప్రతి సెల్‌ఫోనులోను, నొక్కిన తరువాత కొన్ని సెకనులు ఆగి తనంతట తానే చిత్రము తీయు ఏర్పాటొకటి యుండును. ఎదుటివారి ముచ్చటకొరకు చేసిన ఆ ఏర్పాటు ఇచ్చట మిక్కిలి యుపయోగించును. స్టాండు లేనివారు రేవు గోడపై మడచిన తువ్వాలునుంచి, దానిపై ఫోనును ఆనించి తీయవచ్చును. నేటి ఫోనులు చీకటిలో అనేక చిత్రములను వెంటవెంట తీసి, వానినన్నిటిని ఒకటిగా కూర్చుకొనుచున్నవి. అవి యెంత తెలివిగలవైనను, ఆనించిన ఫోను తీసినంత చక్కగా చేతిలో ఊగు ఫోను తీయజాలదు. రంగును తనంతట తాను సరిదిద్దుకొను పనిని మాత్రము కెమెరాకు అప్పగింపకుడు. అది నీలమును దోషమని భావించి తుడిచివేయును. ఎండవేళ వాడు గుర్తుననే నిలిపియుంచుడు.

ఒక హెచ్చరిక. నీటి యంచున నున్న మెట్లపై పాచి యుండును. చీకటిలో అది కనబడదు. నా స్టాండు ఒకనాడు దానిపై జారి, కటకము పగిలినది. జారినది నేను కాను గనుక ఇప్పుడీ పాఠము వ్రాయుచున్నాను. పిల్లలు పెద్దల తోడు లేనిదే సంధ్యవేళ రేవునకు పోరాదు. తడిసిన మెట్టుపై కాలు పెట్టరాదు.

నీటిపై ప్రతిబింబము ఒకప్పుడు మసకగాను, ఒకప్పుడు అద్దములోనివలె స్పష్టముగాను ఏల కనబడును? నీటి నునుపు ఒక కారణము. మనము చూచు కోణము రెండవ కారణము. నూతిలోనికి వంగి నిట్టనిలువుగా చూచినచో, నీరు తనపై బడిన వెలుతురులో నూటికి 2 వంతులు మాత్రమే త్రిప్పి పంపును; తక్కినది లోపలికి పోవును. చూపు వాలినకొలది ఈ పాలు పెరుగును. నీటి మట్టమునకు 10 డిగ్రీల ఎత్తునుండి చూచినచో నూటికి 35 వంతులు, 5 డిగ్రీలనుండి చూచినచో నూటికి 58 వంతులు తిరిగివచ్చును. కనుకనే కెమెరాను ఎంత క్రిందుగా నుంచిన ప్రతిబింబ మంత ప్రకాశించును. అయినను అది అసలు వస్తువుతో సరితూగదు. నీటిలోని ఆకాశము పైయాకాశముకంటె ఎల్లప్పుడును కొంత నల్లగనే యుండును. చిత్రమున అట్లు లేనిచో ఎవరో దానిని సవరించిరని తెలిసికొనుడు.

పిల్లలు తరచుగా చేయు పొరపా టింకొకటి కలదు. ప్రతిబింబము నీటిపై నున్నది గదా యని వారు నీటిమీదికే కెమెరాను ఫోకసు చేయుదురు. అప్పుడు నీటిపై తేలు ఆకు స్పష్టముగా పడును, వంతెన మసకబారును. ప్రతిబింబము నీటి ఉపరితలమున లేదు. వంతెన మనకెంత దూరమున నున్నదో నీటిలోని వంతెనయు అంతే దూరమున నున్నట్లు కెమెరా గ్రహించును. కావున వంతెనను చూచి ఫోకసు చేయవలెను. నీటిలోనిది దానంతట అదే కుదురుకొనును.

చిరుగాలి వీచినప్పుడు దీపపు ప్రతిబింబము చుక్కగా నుండక, మనవైపు సాగిన పొడుగాటి స్తంభమువలె కనబడును. ప్రతి చిన్న అలయు ఒక్కొక్క వంపుటద్దమై దీపమును తనలో చూపును; ఆ ముక్కలన్నియు వరుసగా చేరి స్తంభమగును. షట్టరు చాలసేపు తెరచియుంచినచో అలలు చిత్రమున మాయమై నీరు పట్టుగుడ్డవలె కనబడును. ఇది కొందరికి మిక్కిలి యిష్టము. నాకు కాదు. నీరు నీరువలె నుండుటయే అందమని నా యభిప్రాయము. మీకు తోచినట్లు మీరు తీయుడు.

దీపముల వెలుతురులో నగరములను ఫొటో తీయుట క్రొత్త విద్య కాదు. పాల్ మార్టిన్ అను నతడు 1895, 1896 సంవత్సరములలో, గాజుపలకలపై ఫొటోలు తీయు దినములలోనే, లండను వీథులను గ్యాసుదీపముల వెలుతురున తీసెను. వానకు తడిసిన బాటలే అతనికి చెరువులైనవి. ఆ కాలమున షట్టరును నిమిషములకొలది తెరచియుంచి వేచియుండవలసి వచ్చెడిది. మన కిప్పుడు నాలుగు సెకనులే దీర్ఘముగా తోచుచున్నవి.

ఇక నా తప్పు సంగతి.

2019వ సంవత్సరము కార్తీకమాసమున ఒక సాయంకాలము రేవు పైమెట్టుపై స్టాండు నిలిపి, ఆకాశము, దీపములు సమానమగు వేళకై వేచియుంటిని. మెట్లకు కొంత దూరమున చేపలుపట్టు పడవ యొకటి కట్టివేయబడి యున్నది. అందులో ఒక వ్యక్తి కూర్చుండి వల సవరించుకొనుచున్నాడు. అతని కాళ్లవద్ద పడవ అడుగున లాంతరు వెలుగుచున్నది. గాలి లేదు, నీరు కదలుట లేదు. ఆ వెలుతురులో అతని ముఖము సగము పసుపుగాను, సగము నీలముగాను కనబడెను. రెండు సెకనుల చిత్రము తీసితిని. ఇంటికి వచ్చి పెద్ద తెరపై చూచుకొనగా పడవ చక్కగా పడినది. లాంతరు చక్కగా పడినది. నీటిలో తలక్రిందుగా పడవ యున్నది. పడవవాని తలయు, భుజములును ఉన్నవి. లాంతరు మాత్రము లేదు.

మొదట కెమెరా దోషమనుకొంటిని. తెరను పెద్దది చేసి వెదకితిని. లాంతరుండవలసిన చోట పడవ ప్రక్కపలక మాత్రమే నల్లగా నున్నది. అట్లు చూచుచుండగా, ముప్పది యేండ్లకు పూర్వపు టొక కాగితము నాకు జ్ఞప్తికి వచ్చినది.

1988లో నేను ఒక పాఠశాలలో తెలుగు పండితుడను. ఎనిమిదవ తరగతి విద్యార్థులకు "సాయంకాలమున గోదావరి" అను వ్యాసము వ్రాయుమంటిని. ముప్పదిమందికి పైగా వ్రాసిరి. అందరి వ్యాసములలోను సూర్యుడు కుంకుమ బొట్టువలె నుండెను. అందరి పక్షులును గూండ్లకు మరలెను. ఒక్క బాలుడు మాత్రము వేరుగా వ్రాసెను. అతని తండ్రి పడవ నడుపువాడు. "మా పడవలో దీపము వెలుగుచున్నది. మెట్లమీదనుండి చూచిన దీపము కనబడును. నీటిలో పడవ కనబడును, దీపము కనబడదు" అని ఆ బాలుని వాక్యములు. నేను ఎఱ్ఱసిరాతో చివరి వాక్యమును కొట్టివేసి, "నీటిలో దీపము ప్రతిఫలించుచున్నది" అని పైన వ్రాసితిని. అంతటితో ఆగక, చూడని దానిని వ్రాయరాదని తరగతిలో అందరియెదుట మందలించితిని. రెండు మార్కులు తగ్గించితిని.

బాలుడు ఎదురాడలేదు. కూర్చుండునప్పుడు మాత్రము మెల్లగా, "చూచినాను మాస్టారూ" అనెను. నేను వినియు విననట్లుంటిని.

చూడని దానిని వ్రాసినది ఎవరు? దీపమున్నచోట నీటిలో దీపము ప్రతిఫలించునని నేను పుస్తకములలో చదివితిని. కవులు వ్రాసినవి చదివితిని. రేవునకు పోయి పడవను చూడలేదు.

బాలుడు వ్రాసినది ఎట్లు సత్యమో వివరించెదను. ప్రతిబింబమనగా పైనున్న దృశ్యమును తలక్రిందులు చేసి అతికించిన పటము వంటిదని చాలమంది తలంపు. అది సరికాదు. మన కన్ను నీటికి ఎంత ఎత్తున నున్నదో, నీటిమట్టమునకు అంత క్రింద మరియొక కన్ను ఉండి పైకి చూచుచున్నదని భావింపుడు. ఆ క్రింది కంటికి కనబడునదే మనకు ప్రతిబింబముగా కనబడును. మెట్టుపై నిలిచిన కన్ను పడవ అంచు మీదుగా లోపలికి తొంగిచూచును. దానికి అడుగున నున్న లాంతరు కనబడును. క్రింది కంటికి పడవ ప్రక్కపలక అడ్డు వచ్చును, లాంతరు కనబడదు. పడవవాని తల అంచుకంటె పైన నున్నది గనుక రెండు కన్నులకును కనబడును. వస్తు వొక్కటే, చూపులు రెండు.

దీనిని మీరు ఇంటిలోనే పరీక్షింపవచ్చును. వెడల్పైన పళ్లెమున నీరు పోసి కిటికీ దగ్గర నుంచుడు. అందులో చిన్న గిన్నె నొకదానిని తేలవిడిచి, గిన్నె యడుగున ఒక బంతిపువ్వు నుంచుడు. కొంచెము ఎత్తునుండి ఏటవాలుగా చూచినచో పువ్వు కనబడును. అదే చోటినుండి నీటిలోని గిన్నెను చూడుడు. గిన్నె వెలుపలి భాగమే యుండును, పువ్వుండదు. కార్తీకమున అరటిదొప్పలలో దీపములు విడుచునప్పుడును దీనిని గమనింపవచ్చును. దొప్ప లోతుగా నున్నచో దీపమెంత వెలిగినను దాని క్రింది నీరు చీకటిగనే యుండును. అంచుపైకి వత్తి లేచిన దొప్పలే రెండేసి దీపములుగా సాగిపోవును. ఎన్ని కార్తీకములు నేనా దీపములను చూచితినో లెక్కలేదు. చూచితినని యనుకొంటిని.

ఆ చిత్రమును పెద్దదిగా అచ్చు వేయించితిని. ఆ విద్యార్థి యెక్కడ నున్నాడో తెలిసికొనుటకు రెండు మాసములు పట్టినది. అతడు ఊరు విడిచి పోలేదు. రేవునకు దగ్గరలోనే పడవ ఇంజనులు బాగుచేయు దుకాణము పెట్టుకొని యున్నాడు. నేను మాఘమాసమున ఒక మధ్యాహ్నము అక్కడికి పోయితిని. తలవెండ్రుకలు కొంత నెరసినవి. నన్ను చూచి నూనెచేతులు తుడుచుకొని లేచి నమస్కరించెను.

నేను చిత్రమును చేతి కిచ్చితిని. కారణము చెప్పలేదు. అతడు వెలుతురులోనికి త్రిప్పి చూచెను. కొంతసేపటికి, "దీపము అడుగున పెట్టినాడండి. నీళ్లలో పడలేదు" అనెను.

"నాయనా, నీకు వ్యాసము జ్ఞాపకమున్నదా?" అని అడిగితిని.

"ఉన్నదండి. మా నాయన దీపమును ఎప్పుడును అడుగుననే పెట్టెడివాడండి. పైన పెట్టిన గాలికి ఆరిపోవును. మే మిద్దరము పిల్లలము మెట్లమీద కూర్చుండి నాయనకొరకు ఎదురుచూచెడివారము. నీళ్లలో దీపము కనబడలేదని మా చెల్లెలు ఏడ్చెడిది. పైకి చూడు, పడవలో ఉన్నది అని నేను చెప్పెడివాడను."

ఆ వాక్యము ఒక ఇంటిలోని మాట యని నాకు అంతవరకు తెలియదు. అందరియెదుట మందలించితిని గనుక అందరియెదుటనే తప్పు ఒప్పుకొనవలెను. ఆ తరగతిని మరల కూర్చుట నా చేత కాదు. అతనియెదుటను, అతని దుకాణమున పనిచేయు ఇద్దరు కుఱ్ఱవారి యెదుటను చెప్పితిని. వారు పని ఆపి వినిరి. అతడు తల వంచుకొని, "పోనీయండి మాస్టారూ, రెండు మార్కులే గదా" అని నవ్వెను. మరల చిత్రమును చూచి, "దీపము ఎంత ఎత్తున నున్న నీళ్లలో పడునో తమరు తీసినారాండి?" అని అడిగెను. ఆ ఆలోచన నాకు రాలేదు.

ఆ సాయంకాలమే రేవునకు పోయితిమి. అతడు ఎరువు తెచ్చిన పడవను కొనయందును, మొదటను త్రాళ్లతో బిగించి కదలకుండ చేసెను. తన తండ్రి లాంతరును అటకమీదినుండి దింపి, చిమ్నీ తుడిచి తెచ్చియుండెను. నేను పైమెట్టుపై స్టాండు నిలిపితిని. సూర్యుడు మునిగి పదునెనిమిది నిమిషములైనది. ఆకాశము నీలమగుచున్నది. దూరమున రైలొకటి వంతెన నెక్కగా, దాని కిటికీల వెలుగు పసుపు గీతవలె నీటిపై సాగినది.

అతడు లాంతరును పడవ యడుగున నుంచెను. నీటిలో దీపము లేదు. జానెడు పైకెత్తెను. లేదు. అంచుతో సమానముగా పట్టుకొనెను. అంచుమాత్రము బంగారు తీగవలె మెరసెను గాని, నీరు నల్లగనే యున్నది. ఇంకను కొంచెము పైకెత్తెను. అంతట పడవ నీడ ప్రక్కన రెండవ లాంతరు వెలిగినది.

"కనబడినదాండి మాస్టారూ?" అని అతడు కేక వేసెను.

నేను మారు పలుకక ముందే వ్రేలితో మీట నొక్కితిని. కెమెరా అదరి చిత్రము చెదరిపోయినది. లాంతరును మరల అడుగునుండి ఎత్తుమంటిని.